ఆకలి తప్పు కాదన్న డాక్టరమ్మ

వికారాబాద్‌లో నేను పాఠం చెప్పే గదిలో నర్సింగ్ పిల్లలు ఒకరి చేతికొకరు బీపీ పట్టీ కట్టి నేర్చుకుంటుంటారు. ఆ పట్టీలు విప్పేటప్పుడు గదంతా చరచరమనే చప్పుడు. ఎన్నేళ్లుగా వింటున్నా, అది చెవిన పడగానే నాకు తాండూరే గుర్తొస్తుంది. బండల పాలిషింగ్ యంత్రాల రొద మధ్య ఓ చిన్న క్లినిక్, అందులో నా చేతికి పట్టీ కడుతున్న సుగుణ డాక్టరమ్మ. ఆమెను చూడనివాళ్లకు ముందే ఒక సంగతి చెప్పాలి. ఆమె చాలా లావు. కుర్చీలోంచి లేవాలంటే బల్ల పట్టుకోవాల్సిందే. "తనే గట్లుంటే మనకేం చెప్తది?" అని బయట బెంచీ మీదివాళ్లు గుసగుసలాడేవాళ్లు. ఆమెవి పాము చెవులు. "లావున్న గనకనే చెప్త. సన్నగున్నోళ్లకేం తెలుసు?" అని లోపలి నుంచే జవాబిచ్చేది.

మాది దౌల్తాబాద్ దగ్గర కంది పండించే ఇల్లు. నేను ఇంటర్ చదువుతుండగా అమ్మ పోయింది. నలభై దాటిందో లేదో, పొద్దున పొయ్యి దగ్గర పడిపోయింది. తలలో రక్తనాళం చిట్లిందన్నారు. బీపీ ఉన్నట్టు అప్పటిదాకా ఎవరికీ తెలియదు. అమ్మ లావు, నేను అమ్మకంటే లావు. దాంతో నాయినకు నా మీద బెంగ పట్టుకుంది. ఆయనకు నమ్మకమున్న కొలత మార్కెట్ యార్డు కాంటా ఒక్కటే. కందులు అమ్మే రోజుల్లో నన్నూ తాండూరు తీసుకెళ్లి, బస్తాలు తూచడం అయ్యాక నన్ను ఆ కాంటా మీద నిలబెట్టేవాడు. హమాలీలు నవ్వేవాళ్లు, ఆయన మాత్రం నవ్వేవాడు కాదు. బరువు దిగేదాకా పూటకొక్క జొన్నరొట్టె అని తీర్పు చెప్పాడు. అది ప్రేమేనని ఇప్పుడు తెలుసు గానీ, అప్పుడు నాకు ఒళ్లు మండిపోయేది.

మొదట్లో బరువు తగ్గింది. నాయిన పొంగిపోయాడు. తర్వాత తగ్గడం ఆగిపోయింది, ఆకలి మాత్రం పిచ్చిలా పట్టుకుంది. పుస్తకం తెరిస్తే అన్నమే కనిపించేది. ఎప్పుడూ చలి, ఎప్పుడూ నీరసం. ఓర్చుకోలేక మళ్లీ తినడం మొదలుపెట్టాను. ఎండాకాలం వచ్చేసరికి పోయిన బరువంతా తిరిగొచ్చి, ఇంకాస్త తోడు తెచ్చుకుంది. అప్పుడే నర్సింగులో చేరడానికి ఆరోగ్య పరీక్ష అవసరమై సుగుణమ్మ దగ్గరికి వెళ్లాం. ఆమె నా బీపీ చూసింది. కాసేపు మాట్లాడకుండా కూర్చోబెట్టి మళ్లీ చూసింది. ఎక్కువే ఉంది. నాయిన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"రొట్టె సగం చేయమంటరా అమ్మా?" అన్నాడు.

"పిల్లను బతకనిస్తవా, కరువుల పెడ్తవా?" అని కసిరింది ఆమె. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. "ఇను పెద్దాయనా. ఒంట్ల కొవ్వు ఊకె కూసోదు. నిల్వ మస్తుగున్నది, ఆకలి తగ్గించు అని మెదడుకు ఒక హార్మోన్ పంపుతది. కొవ్వు ఎక్కువైతే ఆ హార్మోన్ గూడ ఎక్కువైతది. ఆఖరికి మెదడు ఆ మాట పట్టించుకోదు. నువ్వు తిండి గుంజుకున్నవనుకో, హార్మోన్ పడిపోతది. మెదడు కరువొచ్చిందనుకుంటది. ఆకలి పెంచుతది, ఒంటి ఖర్చు తగ్గిస్తది. గీ పిల్ల తప్పేమున్నది గిండ్ల?"

"మరి బీపీ ఎందుకొచ్చె?"

"గదే తమాషా. ఆకలి సంగతిల ఆ హార్మోన్ మాట ఇనని మెదడు, బీపీ సంగతిల ఇనుకుంటనే ఉంటది. నరాలను ఉరికిస్తది. రక్తనాళాలు బిగుసుకుంటయ్, కిడ్నీలు ఉప్పును పట్టి పెట్టుకుంటయ్. గిది ఒక్కటే కారణం కాదు, గని గిది గూడ ఉన్నది."

"మా తమ్ముని తీర్గనే ఉన్నది. పని చెప్తే ఇనపడదు, పంచాదంటే ఉరికొస్తడు" అన్నాడు నాయిన. సుగుణమ్మ కుర్చీ కదిలిపోయేలా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అమ్మ పోయినప్పటి నుంచి మింగుతున్న ప్రశ్న బయటికొచ్చేసింది.

"నేను గూడ మా అమ్మ లెక్కనే పోతనా మేడం?"

ఆమె నవ్వు ఆపి నా చెయ్యి పట్టుకుంది. "మీ అమ్మ బీపీ ఎవ్వరు చూడలే బిడ్డా. నీది నేను చూసిన. గదే ఫరక్."

మూడు పూటలా తినమంది. పప్పు, కూరలు ఎక్కువ, ఊరగాయ తక్కువ, సాయంత్రం నడక, కంటినిండా నిద్ర. రోజుకో గోలీ. కొంచెం బరువు దిగినా బీపీ వింటుందని ధైర్యం చెప్పింది. కొన్ని నెలలకు బీపీ దారికొచ్చింది. జ్వరం తగ్గితే మందు ఆపినట్టు నాయిన నా గోలీ ఆపించాడు. మళ్లీ పెరిగింది. ఆ రోజు సుగుణమ్మ తిట్టలేదు. తన సంచిలోంచి గోలీ తీసి మా ఎదుటే మింగింది. "నాది గూడ గిదే కథ" అంది. యాలాల్‌లో కూలి చేసుకునే ఇంటి బిడ్డ ఆమె. డాక్టరు చదువుకు పోతే, కూలోళ్ల పిల్ల ఇంత లావెట్లయిందని తోటివాళ్లు ఎగతాళి చేశారట. తిండి మానేసి క్లాసులోనే పడిపోయిందట. "గప్పుడు నా ఆకలి నా తప్పు కాదని ఒక్కరన్న చెప్తే ఎంత బాగుండు" అంది. ఆమె కళ్లలో నీళ్లు చూడటం నాకదే మొదలు. ఆ తర్వాత నాయిన రోజూ గోలీ తనే తెచ్చి నా చేతిలో పెట్టాడు.

సుగుణమ్మ ముసలితనం చూసే పోయింది. మెదడు దగ్గరే ఆకలిని శాంతింపజేసే ఇంజెక్షన్లు ఇప్పుడు వచ్చాయి. అవి ఆమె చూసి ఉంటే ఎంత సంబరపడేదోనని అనిపిస్తుంది. నా దగ్గరికి లావుపాటి పిల్లలు తల దించుకుని, తిట్ల కోసం సిద్ధపడి వస్తారు. "ఇందులో నీ తప్పేం లేదు, కూర్చో" అనే మొదలుపెడతాను. అలా అనగానే వాళ్ల భుజాలు సడలుతాయి, అప్పుడు పట్టీ అందుకుంటాను.

నేనింకా లావుగానే ఉన్నాను. బీపీ అదుపులో ఉంది. మొన్న నా పుట్టినరోజుకు నాయిన వికారాబాద్ వచ్చాడు. చాలాసేపు నన్నే చూస్తూ కూర్చుని, నా తలలో నెరిసిన వెంట్రుకను వేలితో తాకాడు.

"మీ అమ్మ కంటే పెద్దదానివైనవ్ బిడ్డా" అన్నాడు.