పొలిమేర దాటని సైన్యం

2023 మే నెల. తిరుపతిలో గంగజాతర ముగిసి వారం దాటింది. అలిపిరి రోడ్డుకు దగ్గర్లో, కింద మందుల షాపు, పైన మా ఆఫీసు. ఆఫీసంటే ఒక హాలు, రెండు గదులు, ఎండాకాలమంతా బకెట్‌లోకి నీళ్ళు కార్చే ఒక ఏసీ. అక్కడ కూర్చుని మేం కంప్యూటర్ గేమ్ తయారు చేసేవాళ్ళం. నా ఉద్యోగం పేరు మిషన్ డిజైనర్. ఈ మాట చెబితే మా చిత్తూరు బంధువుల్లో సగం మంది మర్యాదగా తల ఊపి, పెళ్ళి సంగతిలోకి వెళ్ళిపోతారు. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

మాది రియల్ టైమ్ స్ట్రాటజీ అనే రకం ఆట. చదరంగంలో లాగా ఒకరి తర్వాత ఒకరు ఎత్తు వేయడం ఉండదు, గడియారం ఇద్దరికీ ఒకేసారి నడుస్తుంది. ఊరు కట్టుకోవాలి, ధాన్యం కూడబెట్టాలి, సైన్యాన్ని పెంచాలి, ఈలోగా శత్రువు కూడా అదే పనిలో ఉంటాడు. కథ లేకుండా ఊరికే ఒక మైదానంలో కంప్యూటర్‌తో తలపడితే దాన్ని స్కర్మిష్ అంటారు. ఒక కథను వరసగా కొన్ని యుద్ధాలుగా విడగొట్టి ఆడిస్తే అది క్యాంపెయిన్. అందులో ఒక్కో యుద్ధం ఒక మిషన్. ఏ మిషన్‌లో ఏం జరగాలి, ఆడేవాడికి ఏ పని అప్పజెప్పాలి, ఎక్కడ వాడి గుండె జారాలి, ఇదంతా నా పని.

మా కథ పాళెగాళ్ళ కాలంలో జరుగుతుంది. మేం కల్పించుకున్న ఒక చిన్న పాళెం, దాన్ని కాపాడుకునే ఒక పడుచు పిల్ల. నాలుగో మిషన్‌లో ఆ ఊళ్ళో జాతర. డప్పు మోగుతుంది, ఒక మనిషి వీధుల్లో తిరుగుతూ చాటింపు వేస్తాడు. వెంటనే తెర పైభాగంలో ఆబ్జెక్టివ్, అంటే ఆ మిషన్‌లో ఆడేవాడు చేయాల్సిన పని, కనిపిస్తుంది: ఊరి బయట శత్రువు బలగం కూడకముందే గుర్రపు దళాన్ని పంపి వాడి శిబిరాన్ని తగలబెట్టు. ఆ డప్పు శబ్దం కోసం నేను జాతరలో ఫోన్ పట్టుకుని తిరిగి రికార్డు చేసుకొచ్చాను. మా నాయనది బ్యాంకు ఉద్యోగం. ఊరూరా బదిలీల మీద పెరిగినదాన్ని. నాకు జాతరంటే రంగులు, శబ్దాలు. దృశ్యం అదిరిందని నా భుజం నేనే తట్టుకున్నాను.

తర్వాత ప్లేటెస్ట్ పెట్టాం. తయారీలో ఉన్న ఆటను కొత్తవాళ్ళ చేత ఆడించి, వెనక కూర్చుని చూడటమే ప్లేటెస్ట్. దానికి ఒకటే నియమం: వెనక ఉన్నవాళ్ళు నోరు విప్పకూడదు. బెంగళూరు నుంచి ఆన్‌లైన్‌లో ఆడినవాళ్ళందరూ నాలుగో మిషన్‌ను అవలీలగా గెలిచి, బాగుందన్నారు. అన్నం తిన్నావా అంటే తిన్నాననే బాగుంది అది. తిరుపతి నుంచి, చుట్టుపక్కల నుంచి ఆఫీసుకు పిలిపించినవాళ్ళు మాత్రం వరసపెట్టి ఓడిపోయారు. ఒక్కరు కూడా గుర్రపు దళాన్ని పంపలేదు. గోడలు కట్టారు, ధాన్యం నింపారు, ఊరి మధ్యలో సైన్యాన్ని నిలబెట్టారు, చివరికి శత్రువు వచ్చి తొక్కేస్తే చూస్తూ కూర్చున్నారు. నగరి నుంచి శైలజ అనే డిగ్రీ అమ్మాయి వచ్చింది. ఇంట్లో పవర్‌లూమ్ మగ్గాలు. ఆ చప్పుడులో పెరిగిన పిల్ల కాబట్టి కాబోలు, ఎంత గోలలోనూ చెదరకుండా ఆడుతుంది. అదీ గోడ మీద గోడ కట్టి ఓడిపోయింది. ఎలా ఉందమ్మా అని అడిగితే, "బాగుండాది అక్కా, నాకే సేతగాలేదు" అని నవ్వి వెళ్ళిపోయింది.

నాకు చిరాకెత్తింది. అక్షరాలు పెద్దవి చేశాను. పసుపు బాణం పెట్టాను. మంత్రి పాత్ర చేత "దళాన్ని పంపండమ్మా, ఆలస్యం చేయకండి" అని పదేపదే చెప్పించాను. ఊహూఁ, గుర్రాలు కదల్లేదు.

మా సంస్థ యజమానీ, ప్రధాన ప్రోగ్రామరూ ఒకరే, ప్రతాప్ అన్న. మదనపల్లె వైపు మనిషి, చదువూ ఉద్యోగమూ బెంగళూరులో అయ్యాయి. గట్టిగా మాట్లాడటం ఆయనకు రాదు, అందుకే ఆయన మెల్లగా చెప్పే మాటకు ఎక్కువ భయం వేస్తుంది. "సుధా, వచ్చే నెలాఖరుకు నాలుగో మిషన్ తేలకపోతే క్యాంపెయిన్ తీసేద్దాం. స్కర్మిష్ ఒక్కటే పెట్టి విడుదల చేద్దాం" అన్నాడు. కథ లేని ఆటకు మిషన్ డిజైనర్‌తో పనేముంది? ఆ మాట ఆయన అనలేదు, నేనూ అడగలేదు. మూడేళ్ళుగా రాసుకున్న కథ, దాంతోపాటు నా ఉద్యోగం, ఆ నాలుగో మిషన్ మీద ఆధారపడి ఉన్నాయి.

ఆ వారమే బాబన్న వచ్చాడు. గంగమ్మ గుడికి దగ్గరి వీధిలో ఇల్లు, శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం. నలభై దాటిన మనిషి. నెట్ సెంటర్ల కాలం నుంచి ఇలాంటి ఆటలు ఆడుతున్నాడు, ఆ సంగతి చెప్పుకోవడానికి ఏమాత్రం మొహమాటపడడు. "ఈ జిల్లాలో నన్ను కొట్టినోడు లేడు మేడమ్" అంటూ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మొదటి మూడు మిషన్లను నమిలి మింగేశాడు. నాలుగోది మొదలైంది, డప్పు మోగింది, చాటింపు అయింది. బాబన్న గోడలు కట్టడం మొదలుపెట్టాడు.

నియమం గియమం గంగలో కలిసింది. నోరు విప్పాను.

"బాబన్నా, గుర్రాల్ని పంపమని పైన రాసి ఉంది కదా."

"సదివినా మేడమ్."

"మరి పంపరేం?"

ఆయన మౌస్ వదిలి నా వైపు తిరిగాడు. "చాటింపు ఏసినారు గదా. ఏయించింది మీరే. చాటింపు ఏసినాక జాతర అయ్యేదాకా ఊరోళ్ళు ఎవురన్నా పొలిమేర దాటతారా?"

"ఇది గేమ్ కదన్నా."

"గేమే. కాదని ఎవురన్నారు? జాతర వారం నేను డ్యూటీకే పోను. కంపెనీ బస్సు పొలిమేర దాటతాది. సెలవు పెట్టి ఇంట్లో ఉంటా. ఈడ మాత్రం గుర్రాల్ని ఎట్ల తోలేది?"

"మరి మంత్రి అన్నిసార్లు చెబుతున్నాడు కదా" అన్నాను.

బాబన్న నవ్వాడు. "ఆ నాయాలు శత్రువు మనిషి గదా? అమ్మవారి కట్టు దాటి బయటికి పొమ్మంటా ఉండాడు. ఇంత బాగా రాసినారు మేడమ్, వీడెప్పుడు బయటపడతాడా అని కాసుకోని ఉండా. వాడు గేటు తీసేస్తాడని గేటు కాడ కూడా మనుసుల్ని పెట్టినా సూడండి."

చూశాను. నిజంగానే పెట్టాడు. నా మంత్రి పాపం ఏ ద్రోహమూ తెలియని అమాయకుడు. నేను రాయని ద్రోహి కోసం గేటు దగ్గర బల్లేలు పట్టుకుని మనుషులు నిలబడి ఉన్నారు. నవ్వు ఆగలేదు, నవ్వుతూనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా కథను నాకంటే గట్టిగా నమ్మిన మనిషి నా ముందు కూర్చుని ఉన్నాడు. శైలజా, మిగతావాళ్ళూ నమ్మే ఓడిపోయారు. నేనేమో అక్షరాలు పెద్దవి చేస్తూ కూర్చున్నాను.

మర్నాడు ప్రతాప్ అన్నకు చెప్పాను: మంత్రిని నిజంగానే ద్రోహిని చేస్తాను. అతని మాట విని పొలిమేర దాటితే దళం ఉచ్చులో పడుతుంది, వెనక ఊరి గేటు తెరుచుకుంటుంది. కట్టు నిలిపితే ఊళ్ళోకి చొరబడ్డ వేగులను పట్టుకుని జాతర అయ్యేదాకా కాచుకోవాలి. ప్రతాప్ అన్న నుదురు చిట్లించాడు. "ఆబ్జెక్టివ్‌ను నమ్మమని మూడు మిషన్లుగా మనమే నేర్పాం. ఇప్పుడు అదే అబద్ధం చెబితే ఆడేవాళ్ళు మనల్ని తిట్టరా?" న్యాయమైన ప్రశ్న. మా వృత్తిలో ఆబ్జెక్టివ్ అంటే ఆడేవాడికి మనమిచ్చే మాట. దానికి దారి ఇద్దరం కలిసే వెతికాం. ఆ ఒక్క ఆదేశం పక్కన మంత్రి ముఖం, ముద్ర కనిపించేలా పెట్టాం. అది ఆట చెప్పే మాట కాదు, మంత్రి చెప్పే మాట అని తెలియాలి. జాతర అయ్యేదాకా ఎవరూ పొలిమేర దాటకూడదన్న చాటింపును స్పష్టంగా రెండుసార్లు వినిపించాం. గుర్రాలు పొలిమేర రాయి దగ్గరికి రాగానే ఆగి, ఒక రౌతు వెనక్కి చూసేలా చేశాం. ఆ చూపు ప్రతాప్ అన్న ఆలోచన. చేతిలో వేరే పనులెన్నో ఉన్నా, వాటిని పక్కన పెట్టి నాతో కూర్చున్నాడు. ఆ సంగతి నేను మరిచిపోను.

వేగులను పట్టుకునే ఉపాయం బాబన్నది. "మా ఇంట్లో తోటి వేషం కడతాం మేడమ్. ఒళ్ళంతా బొగ్గు పూసుకోని, యాపాకు కట్టుకోని వీధిలోకి వస్తే ఎవురూ ఆపరు, ఏ ఇంటి ముందరైనా నిలబడొచ్చు. పిలిచి దండం పెట్టనోడు మన ఊరోడు కాదు." ఆ మాటే ఆటలోకి వచ్చింది. వేషం కట్టిన యూనిట్, అంటే మనం నడిపించే మనిషి, వీధిలో నడుస్తుంటే జనం చేతులు జోడిస్తారు. జోడించనివాడు వేగు.

జూన్ నెలాఖరున మళ్ళీ ప్లేటెస్ట్. బెంగళూరు నుంచి ఒకతను ఆన్‌లైన్‌లో, ఆఫీసులో బాబన్న. వెనక ప్రతాప్ అన్న, నేను. ఈసారి నిజంగానే నోరు కట్టుకున్నాను. బెంగళూరు అతను ఎప్పటిలాగే గుర్రాల్ని తోలాడు. ఉచ్చులో పడ్డాడు. వెనక ఊరు కాలిపోయింది. తర్వాత, "ఆ డప్పు మనిషి చెప్పాడు, నేనే వినలేదు" అని తనలో తాను అనుకుంటూ, ఎవరూ అడగకుండానే మిషన్ మళ్ళీ మొదలుపెట్టాడు.

బాబన్న కాచుకున్నాడు. వేగులను పట్టాడు, మంత్రిని గేటు దగ్గరే ఆపాడు. జాతర ముగిసిన డప్పు మోగగానే మౌస్ వదిలి, తెరకు రెండు చేతులూ జోడించి, కళ్ళకు అద్దుకున్నాడు. అప్పుడు, "ఇప్పుడు పోతాం సూడండి" అని గుర్రాలన్నింటినీ ఒక్కసారిగా పొలిమేర దాటించాడు.

ప్రతాప్ అన్న కుర్చీ నా వైపు తిప్పాడు. "ఐదో మిషన్ ఎప్పుడిస్తావు సుధా?" అన్నాడు. అంతే. క్యాంపెయిన్ బతికింది.

ఆ తర్వాత చాలా మిషన్లు రాశాను. ఆడేవాడు చెప్పింది చేయకపోతే, వీడికి అర్థం కాలేదు అనుకునే ముందు, వీడు దేన్ని నమ్మాడు అని అడగడం నేర్చుకున్నాను. ఆ ప్రశ్న నాకు బాబన్న ఇచ్చాడు, మా ఆట చివర్లో వచ్చే కృతజ్ఞతల్లో ఆయన పేరు నా పేరు కంటే పైన ఉంది. నేనే పెట్టించాను.

మరుసటి ఏడు జాతర రోజుల్లో చిత్తూరులో మా పిన్ని కూతురి నిశ్చితార్థం. బ్యాగు సర్దుకున్నాను. సాయంత్రం టీ కొట్టు దగ్గర ఉండగా చాటింపు వేశారని విన్నాను. గదికి వచ్చి, పిన్నికి ఫోన్ చేసి తిట్లు తిని, బ్యాగు విప్పేశాను.

తోటి వేషం రోజున మెట్ల కింద డప్పు వినిపించి దిగాను. ఒళ్ళంతా బొగ్గు, నడుముకు వేపాకు, తెల్లగా కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. గొంతును బట్టి గుర్తుపట్టాను.

"ఏం తల్లీ, ఈడే ఉండావు? గుర్రాల్ని పంపలేదా?"

చేతులు జోడించాను. "చాటింపు వేశారు కదన్నా" అన్నాను.

బాబన్న నవ్వలేదు. చేతిలోని వేపమండతో నా తల నిమిరి, పక్కింటి వైపు నడిచాడు.