నల్లతెర, చెరకు పటం, అమ్మ ఫోను

కంప్యూటరు చేసే పనేదైనా చేతిలో ఉన్న ఫోనుతో చేసెయ్యగలననే ధీమా ఆ రోజుల్లో నాకు కాస్త ఎక్కువే ఉండేది. ఉద్యోగం కొత్త. అనకాపల్లిలో బెల్లం మార్కెట్టుకు దగ్గర్లో, చెరకు తోటల కొలతలు తీసుకుని పటాలు తయారుచేసే చిన్న ఆఫీసు మాది. మా పెద్దాయన్ని చాటుగా 'తొందర సార్' అనేవాళ్లం. ఓ మధ్యాహ్నం నా ల్యాప్‌టాప్ ఉన్నట్టుండి కన్ను మూసింది. "నాలుగింటికి నాతవరంలో రైతుల మీటింగమ్మా. అప్పటికి పటం నా ఫోనుకి రాకపోతే రేపట్నుంచి నువ్వూ రానక్కర్లేదు" అని చెప్పి ఆయన బండెక్కి వెళ్లిపోయారు.

మా సాఫ్ట్‌వేర్‌లో నొక్కడానికి మీటలుండవు. నల్లటి తెర మీద కమాండ్లు టైపు చేస్తే అదే పటం గీసిపెడుతుంది. అలాంటి నల్లతెర ఆప్ ఒకటి ఫోనులో దించుకుని, ఆ సాఫ్ట్‌వేర్‌నీ, మెయిల్లో ఉన్న తోటల కొలతల్నీ అందులోకి ఎక్కించాను. బారెడు కమాండు బొటనవేలితో కొట్టాలి, ఒక్క చుక్క తప్పితే మళ్లీ మొదటికి. ఫోను అట్ల పెనంలా కాలుతుంటే మంచినీళ్ల కుండ మూత మీద పెట్టాను. (నవ్వకండి, పనిచేసింది.) తోటలు ఒక్కొక్కటే పటంలోకి వస్తున్నాయనగా అమ్మ ఫోను.

"ఏటే, తిన్నావా?"

"తిన్నానమ్మా, పెట్టెయ్."

"ఏం కూర?"

"నువ్వు కట్టిన బెండకాయే!"

"ఉప్పు సరిపోయిందా?"

ఉప్పు సంగతి తేలేలోగా ఫోను నా పటాన్ని మధ్యలోనే ఆపేసింది. దానికి ఒకేసారి రెండు పనులు చేసే ఓపిక లేదు. మళ్లీ మొదలుపెట్టాను. సగంలో మళ్లీ అమ్మే. "ఇందాక కోపంగా పెట్టీసేవు, ఒంట్లో బాగోలేదేటే?" పటం మళ్లీ పోయింది. ఏడుపొక్కటే తక్కువ. విమానం గుర్తు నొక్కి ఏ ఫోనూ రాకుండా చేసి, మూడోసారి మొదలుపెట్టాను.

ఈసారి పటం పూర్తయింది. సార్‌కి పంపే మీట నొక్కి, గెలిచినదానిలా కుర్చీలో వాలిపోయాను. అంతలో గుమ్మంలో అమ్మ! పరవాడ అవతల మా ఊరి నుంచి బస్సులు మారి, చెమటలు కక్కుతూ వచ్చింది.

"బతికే ఉన్నావేటే! ఎన్నిసార్లు సేసినా పలకదే! పాడైపోయిందేటి, ఇలా తే." ఫోను లాక్కుని తెరను కళ్లకి ఆనించుకుంది. "ఈ ఏరోప్లేను బొమ్మేటే? నాకు సెప్పకుండా ఎక్కడికెగిరిపోదామని?"

విమానం ఇంకా దిగలేదు, పటం ఇంకా వెళ్లలేదు! ఫోను తిరిగి లాక్కుని ఆ గుర్తు తీసేశాను. పటం బయల్దేరింది, దానికెదురుగా అమ్మ మిస్డ్ కాల్స్ గుంపుగా వచ్చిపడ్డాయి. నాలుగు కొట్టబోతుండగా సార్ మెసేజ్: "వచ్చింది. కాస్త ముందే పంపొచ్చుగా?"

ఇదంతా జరిగి ఏళ్లయింది. ఇప్పుడు నేను ఆఫీసుకెళితే నా కొడుకు బుజ్జిగాడిని అమ్మే చూసుకుంటుంది. మొన్న ఎన్నిసార్లు చేసినా ఆవిడ ఫోను కలవలేదు. పని వదిలేసి, ఆటోవాణ్ని తిట్టుకుంటూ ఇంటికి పరిగెత్తాను. వాడు ఉయ్యాల్లో గుర్రుపెడుతున్నాడు. అమ్మ తాపీగా చిక్కుళ్లు ఒలుస్తోంది.

"నెమ్మదే, లేస్తాడు. అరగంటకోసారి తిన్నాడా, పడుకున్నాడా అంటే పిల్లడికి నిద్రెలా పడతాది? ఏరోప్లేను నొక్కీసేను" అంది, నావైపు చూడకుండానే.

కుండ మూత మీద ఫోను పెట్టుకుని, "ఈ అమ్మలు ఎప్పటికి మారతారో" అని పళ్లు నూరిన ఆ పిల్ల గుర్తొచ్చింది. దాన్ని తల్చుకుని నవ్వుకున్నాను. ఆనక గొంతు తగ్గించి అడిగాను, "తిన్నాడా?"