పశువుల ఫారం బేరం

సింగపూర్‌లో, టోవా పాయోలో మా బ్లాకులోనే, మాకు రెండంతస్తుల పైన ఉండే మిత్రుడికి ఆస్ట్రేలియాలో పశువుల ఫారం కొనాలన్న కోరిక పుట్టింది. ఆయనది ఒంగోలు దగ్గర పల్లె. జురాంగ్ ఐలాండ్‌లో ఒక చమురు శుద్ధి ప్లాంటులో ఇంజనీరు. ఆదివారం పొద్దున ఇద్దరం తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో కాఫీ తాగడం అలవాటు. ఆ ఆదివారం నేను వెళ్లేసరికి ఎవరో పట్టుకున్నారని గుర్తుగా టిష్యూ ప్యాకెట్ పెట్టి టేబుల్ చోప్ చేసి, ఫోన్లో ఒక ప్రకటన తెరిచి కూర్చున్నాడు.

“పేపర్లో పనిచేసినోడివి కదన్నా. ఇందులో మోసమేమన్నా ఉందేమో చదివి చెప్పు,” అన్నాడు.

చదివాను. పెర్త్‌కు దక్షిణంగా, కారులో కొన్ని గంటల దూరం. కొండవాలులో పచ్చిక, ఇల్లు, పశువుల దొడ్లు, గుర్రపుశాల. మూతపడ్డది కాదు, నడుస్తున్నది. కొన్నవాళ్లు మందనూ ఐదు గుర్రాలనూ కూడా తీసుకోవాలి. నాకు మోసమేదీ కనిపించలేదు. అదే చెప్పాను.

“ఆ పైపులు చూసి చూసి విసుగొచ్చిందన్నా. ఇంక నాలుగు పశువుల మొహం చూస్తా బతకాలనుంది,” అన్నాడు.

అది కొనాలంటే ఉద్యోగం మానెయ్యాలి, ఉంటున్న ఫ్లాటు అమ్మెయ్యాలి. భార్య కాదనలేదు, సరేననీ అనలేదు. ఇంకొకరు కూడా అడుగుతున్నారనీ, వచ్చే ఆదివారానికల్లా ఏదో ఒకటి తేల్చమనీ ఏజెంటు తొందరపెడుతున్నాడు. ఆ ఆదివారం యజమానురాలు వీడియో కాల్లో ఫారమంతా చూపిస్తుందట. నన్నూ వచ్చి కూర్చోమన్నాడు.

వెళ్లాను. పాలిటెక్నిక్‌లో చదివే కూతురు ఫోన్ను టీవీకి కలిపింది. తెర మీద టోపీ పెట్టుకున్న పెద్దావిడ. భర్త పోయి కొంతకాలమైందని ఏజెంటు ముందే చెప్పాడు. ఫోన్ చేత్తో పట్టుకుని నడుస్తూ మొదట గుర్రాల దగ్గరికి తీసుకెళ్లింది. మిత్రుడు సోఫాలోంచి లేచి టీవీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

“నుదుటి మీద సుడి చూపించమను,” అన్నాడు కూతురితో.

“నాన్నా, షీ వోంట్ నో లా.”

“అడుగమ్మా నువ్వు.”

అడిగింది. ఆవిడ ఆశ్చర్యపోలేదు. ఒక్కొక్క గుర్రం జూలు పక్కకు తీసి నుదురు చూపించింది. రెండు సుడులున్నదానికి మొండితనమెక్కువని తన మామగారు చెప్పేవారంది.

“చూశావా అన్నా, తెలిసిన మనిషి,” అన్నాడు మిత్రుడు. బేరం కుదిరిపోయినంత సంతోషం ఆ మాటలో.

వంటగది గుమ్మంలోంచి భార్య అంది. “తెలిసిన మనిషే. ఎక్కేది ఎవురంట? ఎమ్మార్టీ రైలు స్టేషన్లో ఎస్కలేటరెక్కితే రెండు చేతుల్తో పట్టుకుంటాడు ఈయన.”

తెర మీద పెద్దావిడ మంద దగ్గరికి నడిచింది. నల్లటి పశువులు, కొమ్ముల్లేవు, మూపురాల్లేవు. మూపురం లేని ఎద్దు చూడ్డానికి బోడిగా ఉందని మిత్రుడు కాస్త నొచ్చుకున్నాడు. ఆ వెంటనే పేర్లడిగాడు.

అది వాళ్ల వైపు పద్ధతి. పశువును అమ్మినప్పుడు దాన్ని ఏమని పిలుస్తారో కొన్నవాడికి చెప్పి అప్పగిస్తారు. కొత్త చోట ఆ పేరుతో పిలిచేవాళ్లుంటేనే అది బెంగపడకుండా మేత ముడుతుందని నమ్మకం. వాళ్ల నాన్న సంత నుంచి ఇంటిదాకా ఆ పేరు మననం చేసుకుంటూ వచ్చేవాడని నాకు చాలాసార్లు చెప్పాడు.

గుర్రాల పేర్లు ఐదూ చెప్పింది ఆవిడ. మందలో వాటికి మాత్రం పేర్లుండవంది. చెవులకు నంబర్లుంటాయి, చాలు.

“పాలిచ్చేవాటికన్నా ఉంటయ్ కదా, అడుగు,” అన్నాడు.

“ఇవి పాలకు కాదు,” అందావిడ. “తల్లుల పాలు దూడలు తాగుతాయి, అంతే. దూడలు ఎదిగాక లారీ వస్తుంది.”

మాంసానికి పెంచే మంద అది. ప్రకటనలో పశువులనే రాశారు, పాలని ఎక్కడా రాయలేదు. ఆయన పాడి అనుకున్నాడు, నేనూ అలాగే అనుకున్నాను. పశువులంటే మా ఇద్దరికీ ఇంకో అర్థం తోచలేదు.

పాల ఫారంగా మార్చుకోవచ్చా అని అడిగించాడు. అక్కడి వేసవికి గడ్డీ నీళ్లూ దానికి చాలవని చెప్పిందావిడ. మందను తీసేసి గుర్రాలే ఉంచుకుంటే? గుర్రాలు మందను తోలడానికే ఉన్నాయి, మంద లేకపోతే వాటి దాణా ఖర్చు కూడా రాదంది.

భార్య చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. “ఆ లారీ ఎక్కించేది ఎవురో అడుగు.”

కూతురు అడిగింది. యజమానే దగ్గరుండాలంది ఆవిడ. లారీని పిలిచేదీ, ఏ దూడలు వెళ్లాలో వేరుచేసేదీ యజమానే. ఇన్నాళ్లూ భర్త చేశాడు. ఆయన పోయాక తను చేస్తోంది. దొడ్డి గేటు దగ్గర నిలబడే ఓపిక ఇక లేదు, అందుకే అమ్ముతున్నానంది. ఏడవలేదు. గాలికి టోపీ సర్దుకుంది.

మిత్రుడు కూతురి దగ్గర ఫోన్ తీసుకున్నాడు. తర్వాత తనే ఇంగ్లీషులో చెప్పాడు, ఆ పని తన వల్ల కాదని, ఆవిడ పొద్దుటి పూట పాడు చేసినందుకు ఏమీ అనుకోవద్దని. కొన్నాక తెలుసుకోవడం కంటే ఇదే నయమని ఆవిడ అంది. ఇద్దరూ మర్యాదగా సెలవు తీసుకున్నారు.

“తినేవాళ్లని నేనేం తప్పుబట్టట్లేదన్నా,” అన్నాడు సోఫాలో కూలబడి. “క్యాంటీన్లో నా పక్కనే కూర్చుని తింటారు. వాళ్ల తిండి వాళ్లది. కానీ నేనే ఫోన్ చేసి లారీని రమ్మనాలంటే... నా వల్ల కాదు.”

“కాదులే,” అన్నాను. 

ఏజెంటుకు ఫోన్ చేసి వద్దని చెప్పేశాడు. తర్వాత కూతురి వైపు తిరిగాడు. “మన ఫ్లాటు ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టమన్నా కదా మొన్న. అది తీసెయ్.”

“ఐ నెవర్ పోస్ట్ వాట్,” అంది ఆ పిల్ల, అసలు పెట్టనేలేదని. “అమ్మ వెయిట్ చెయ్యమంది.”

ఆయన భార్య వైపు చూశాడు. ఆవిడ నా వైపు తిరిగి, “ఉప్మా తిని పో అన్నా,” అంటూ వంటగదిలోకి వెళ్లింది.