వాన వద్దన్న మారెన్న

మిద్దె కూలుతుందని చెప్పినందుకు మారెన్నను, అతని భార్య గిడ్డమ్మను ఆ మిద్దె కిందే కాపురం పెట్టించారు. పెట్టించింది ఇల్లు అమ్మే ఓబుళరెడ్డి. సరేనని తలూపింది కొనబోయే పుల్లయ్య. చూసి నవ్వింది మా కల్లూరు మొత్తం.

కొత్తగా ఏర్పడే ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అవుతుందని తెలిసిన ఏడది. హంద్రి ఏటి పక్కన మా ఊళ్లో పాత ఇళ్లకు కూడా గిరాకీ వచ్చింది. బయానా ఇచ్చేముందు మిద్దెలు కట్టే మారెన్నను తీసుకుపోయి ఇల్లు చూపించుకోవడం మా వైపు ఆనవాయితీ. అతను గోడ అడుగున మట్టి గిల్లి ఉప్పు పేలిందేమో చూసేవాడు. ద్వారబంధాన్ని భుజంతో నెట్టేవాడు. దూలాన్ని బాడిశతో తట్టి చెవి ఆనించేవాడు. చివరికి నిచ్చెన వేసుకొని పైకెక్కి, వెలుతురు కోసం వదిలిన గవాచి అంచున చౌడు ఎంత మందముందో చూసేవాడు. వినయం మాత్రం లేదు. ఇల్లు బాగా లేకపోతే ఇంటివాడి మొహాన ఉమ్మినట్టే చెప్పేవాడు.

మా వాళ్లకు ఒక పాడు అలవాటుంది. మిద్దె కురవకుండా వానలకు ముందు ఏటా చౌడుమట్టి పరుస్తారు. పాతది ఎత్తిపోసే ఓపిక ఉండదు. తాత పోసిన దాని మీద తండ్రి, తండ్రి పోసిన దాని మీద కొడుకు. మోసేది దూలం. ఓబుళరెడ్డి మిద్దె మీద చౌడు మోకాలి లోతుంది. దూలం లోపల చెదలు.

"ఇది ఇల్లు గాదు రెడ్డీ, గోరీ. ఒక్క ముసురు పట్టిందంటే మీద పడతాది" అన్నాడు మారెన్న.

"అట్లనా? అయితే వానలు పోయేదాకా నువ్వూ నీ పెండ్లామూ ఈడే ఉండండప్పా. మిద్దె పడితే నీ మాట నిజం. నిలిస్తే పుల్లయ్య కొంటాడు."

మారెన్న గుడిసె ఉన్నది రెడ్డి చేలో. కాదంటే సాయంత్రానికి అది ఉండదు.

"పైన మట్టన్నా దింపుకోనీ" అని బతిమాలాడు.

"దింపితే ఇంగ పరీక్షేముండాది?" అన్నాడు పుల్లయ్య. ఆ తర్వాత రోజూ పొద్దున్నే వీధిలోంచి అతని కేక వినబడేది: "ఏం మారెన్నా, లేసినావా, పోయినావా?"

ఆ ఏడు వాన రాలేదు. చేలు మాడిపోతుంటే ఊరంతా ఆకాశానికేసి చూసి ఏడ్చింది. మబ్బు విడిపోయినప్పుడల్లా మారెన్న ఒక్కడే ఊపిరి పీల్చుకునేవాడు. జనం అది కనిపెట్టారు.

ఒకరోజు కప్పతల్లి వచ్చింది. రోకలికి వేపమండలతో కప్పను కట్టి, పాడుకుంటూ ఇల్లిల్లూ తిప్పుతారు. గడప ముందు నిలిస్తే ఆ ఇంటి ఆడది కప్ప మీద నీళ్లు పోయాలి. పోస్తే వాన వస్తుందని నమ్మకం. గిడ్డమ్మ చెంబు తెచ్చింది. మారెన్న దాన్ని లాక్కొని తలుపు వేసేశాడు.

"వానను మింగినాడు సూడండి, నా కొడుకు!" అని అరుపు లేచింది. తలుపు విరగ్గొట్టి అతన్ని బయటికి ఈడ్చి కొట్టారు. చేయి చేసుకున్నవాళ్లలో అతను కట్టిన ఇళ్లలో నిద్రపోయేవాళ్లూ ఉన్నారు. ఆ రోజు నుంచి మారెన్నకూ గిడ్డమ్మకూ ఊరి బావి లేదు. గిడ్డమ్మ హంద్రి ఇసుకలో చెలమ తోడుకొని నీళ్లు మోసేది. ఒక మధ్యాహ్నం ఆ చెలమ పక్కనే పడిపోయింది. చూసినవాళ్లున్నారు, ముట్టినవాళ్లు లేరు. మారెన్న పోయేటప్పటికే ప్రాణం లేదు.

"మిద్దె పడి సావలేదు గదప్పా. మిద్దె నిక్షేపంగా ఉండాది" అన్నాడు ఓబుళరెడ్డి. పుల్లయ్య ఇల్లు కొన్నాడు. ఆ తర్వాత ఏడాది పాటు మారెన్నను ఎవరూ ఏ ఇంటికీ పిలవలేదు.

మరుసటి శ్రావణంలో ముసురు పట్టింది, విడవలేదు. పుల్లయ్య ఇంట్లో దూలం పక్కనుంచి మట్టి రాలడం మొదలైంది. ఎదురింటి వాణ్ణని నన్ను పంపి మారెన్నను పిలిపించాడు.

"పెద్ద మనసు చేసుకో మారెన్నా. ఆడోల్లు, పిల్లోల్లు ఉండారు. ఒక్కసారి సూడప్పా" అని చేతులు పట్టుకున్నాడు.

మారెన్న తొందరపడలేదు. దూలాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా తట్టి, చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.

"శానా గట్టిగుండాది. వానకు పైమట్టి తడిసి రాలతాండాది, అంతే. పండుకోండి."

పుల్లయ్య దండం పెట్టాడు. మేమిద్దరం బయటికొచ్చాం. ఆ సాయంత్రమే మారెన్న ఊరొదిలి పోయాడు, నేను మళ్లీ అతన్ని చూడలేదు. అలా బయటికొచ్చినప్పుడే, జల్లు తగలకుండా నేను ఆ ఇంటి గోడ వారగా నడుస్తుంటే నా చేయి పట్టి లాగి అన్నాడు:

"గోడ పక్కన నడవాకప్పా. వీధి నడిమికి రా."