బగారన్నం పంచాయితీ

మా ఇంట్ల బగారన్నం ఎవరు వండాలె అని ఎలక్షన్ పెడితే, మా అత్తమ్మ ఒక్కతే నిలబడి, ఒక్కతే ఓటేసి, ఒక్కతే గెలుస్తది. ఇరవై నాలుగేండ్ల సంది గదే నడుస్తున్నది. నేను మటన్ కడగొచ్చు, ఉల్లిగడ్డలు కోసి కండ్లు పోగొట్టుకోవచ్చు, వచ్చినోళ్ళకు విస్తర్లు వెయ్యొచ్చు. ఏటా మామయ్య సంవత్సరీకం నాడు బగారన్నం గంటె మాత్రం ఆమె చేతిలనే ఉండాలె.

ఎందుకంటే కాపురానికొచ్చిన కొత్తల నేను ఒక్కసారి బగారన్నం చేసిన. అది ముద్దయింది. ఒక్కసారే! అప్పుడు బతికున్న మామయ్య, పాపం, "మంచిగున్నది బిడ్డా, ఇంకింత పెట్టు" అని రెండోసారి పెట్టించుకున్నడు. అత్తమ్మ మాత్రం ఆ ముద్ద నిన్ననే గొంతుల ఇరికినట్టు ఇప్పటికీ చెప్తది. నేను బీఎస్సీ ఫస్టు క్లాసుల పాసయిన, మెదక్ ల ప్రైవేటు బడిల సైన్సు చెప్త, పది మంది మగ టీచర్లున్న స్టాఫ్ రూముల నోరు మూయించి బయటికొస్త. ఇంటికొస్తే ముద్దన్నం కోడల్ని.

పోయినేడు చలికాలం, సంవత్సరీకానికి మూడు వారాలుందనంగ, అత్తమ్మ పెరట్ల నల్లా కాడ జారి పడ్డది. కుడిచెయ్యి మణికట్టు. దవాఖానల పట్టీ ఏసి, ఆరు వారాలు చెయ్యి కదిలించొద్దన్నరు. నాకు మస్తు బాధయింది. ఆటోల ఇంటికొస్తుంటె గంటె యాదికొచ్చింది. బాధ కొంచెం తగ్గింది. అబద్ధమెందుకు చెప్పాలె?

ఇంటికొచ్చి కూసున్నంక ఆమె అన్నది: "ఈసారి చిన్నదాన్ని పిలుస్త."

చిన్నదంటే నా యారాలు, మరిది భార్య, కుల్చారంల ఉంటది. ఆమె అన్నం వండితే మెతుకులు మల్లెమొగ్గల లెక్క ఉంటయని మా చుట్టాలల్ల పేరు. ఒక్కసారి గంటె కుల్చారం పోయిందంటే మళ్ళ మెదక్ రాదు. అది నాకు తెలుసు, అత్తమ్మకూ తెలుసు.

"నేనుండంగ ఆమెందుకు? నేను చేస్త" అన్న.

అత్తమ్మ ఫ్యాను దిక్కు చూసింది. దేవుడు అక్కడుంటడని ఆమె లెక్క.

"సరే. ముందుగాల చేసి చూపియ్యి. మెతుకుకు మెతుకు అంటొద్దు. సంవత్సరీకం ఇంక నాలుగు రోజులుందనంగ కూడ నీతోని కాకుంటే, కుల్చారం ఫోన్ కొడ్త."

మేం బగారకు వాడేది చిట్టి ముత్యాల బియ్యం. పాపన్నపేట దిక్కు మా అన్న ఎకరం పొలంల పండిస్తడు. జీలకర్రకు చుట్టమా అన్నంత చిన్న గింజ. ఉడికిందంటే వాసన గల్లీ చివరిదాక పోతది. అన్న ఏటా ఒక బస్తా పంపుతడు. మేం దాన్ని ఒక ఏడు పాతగ చేసి, ఆ తర్వాతనే ముడతం. డ్రమ్ముల నుంచి మూడు గిలాసలు తీసి నానబెట్టిన. అత్తమ్మ స్టూలు వంటింటి గడపల ఏయించుకొని, చేతికి జోలె కట్టుకొని, జడ్జి తీర్గ కూసున్నది. నానుతున్న గిన్నెల ఎడమచెయ్యి పెట్టి రెండు గింజలు తీసి పంటి కింద ఏసుకున్నది. ఏమనలే. ఆకలైతుందేమో అనుకున్న.

మొదటి రోజు కరెంటు కుక్కర్. దసరాకు బస్టాండు కాడి దుకాణంల కొన్నది. పొయ్యి మీద నూనె, నెయ్యి కాగబెట్టి, సాజీర, లవంగాలు, ఇలాచి, దాల్చినచెక్క ఏసి, ఉల్లిగడ్డ ఎర్రగైనంక అల్లం ఎల్లిగడ్డ, పుదీన ఏసి, అంత తీసి కుక్కర్ల పోసిన. బియ్యం ఏసిన. ఒకటికి రెండు నీళ్ళు, మా కొలత. మీట కిందికి నొక్కిన. వాసన ఎట్లొచ్చిందంటే, వెనకింటి బర్రె కట్టుకొయ్య కాడ లేచి నిలబడ్డది. మీట టక్కుమని పైకొచ్చింది. మూత తీసిన.

సగం మెతుకులు విడివిడిగ, బుద్ధిమంతుల లెక్క ఉన్నయి. మిగిలిన సగం వాటి మెడకు పడి ఏడుస్తున్నయి.

"గిది బగారన్నమా, పండ్లు రాని పిల్లకు పెట్టే మెత్తన్నమా?" అన్నది అత్తమ్మ.

"మిషన్ తప్పు అత్తమ్మా. వేడి ఒక్క తీరు తాకుతలేదు."

మా ఆయన వాకిట్ల నుంచి తల లోపలికి పెట్టిండు. "అది కాదు, ఆ డ్రమ్ము..."

"నువ్వు ఊకో. నీకు వంట సంగతి ఏం తెలుసు?"

ఊకున్నడు. మా కాపురంల ఆయన మొదలుపెట్టిన మాటలు చానా ఉన్నయి, ముగించినయి తక్కువ.

రెండోది ప్రెషర్ కుక్కర్. ఒకటికి రెండే నీళ్ళు, ఒక్క విజిల్, దించుడు. ఈసారి సగం ముద్ద, సగం పలుకు. మూడోది ఇండక్షన్ పొయ్యి. అది ఒక నిమిషం వేడైతది, ఒక నిమిషం ఆలోచన చేస్తది. నేను ఎదురుంగ నిలబడి వాచీ చూసుకుంట, నీళ్ళెన్ని, నిమిషాలెన్ని అని నోటుబుక్కుల రాసుకున్న. బడి పిల్లలకు చెప్త కద, ప్రయోగంల ఒక్కసారికి ఒక్కటే మార్చాలె అని! నేను పద్ధతి ప్రకారం ఒక్కటే మారుస్తున్న. గిన్నె మారుస్తున్న. ఫలితం మాత్రం మారుతలేదు: సగం పొడి, సగం ముద్ద. నాలుగోది ఓవెన్. దాంట్ల అయితే అన్నం పైన ఎండిపోయి, నడుమ గంజి అయి, అడుగున నీళ్ళు అట్లనే ఉన్నయి. మూడు కాలాలు ఒక్క గిన్నెల చూసిన.

ప్రతిసారి అత్తమ్మ స్టూలు మీదనే ఉన్నది, ఒక్క సలహా ఇయ్యలే. ఆమె సలహా ఇయ్యకుంట ఊకున్నదంటేనే నాకు అనుమానం రావాలె. రాలే. గెలుస్తున్న అనుకున్న. ప్రతిసారి ఆ ముద్ద వెనకింటి బర్రెకు పోయింది. మూడోసారికి అది కట్టుతాడు తెంపుకొని మా గేటు కాడికొచ్చి నిలబడ్డది. వాళ్ళింటామె గోడ మీద నుంచి, "అక్కా, మా బర్రె గడ్డి ముడతలేదు. రేపు ఏం వండుతున్నరు?" అని అడిగింది.

సంవత్సరీకం ఐదు రోజులున్నది. నేను అనుకున్న, తప్పు నాది కాదు, మొదటి మిషన్ది. అది మంచిగ ఉంటే ఇంత తిప్పల ఎందుకొస్తది? బడి అయినంక కరెంటు కుక్కర్ చంకల పెట్టుకొని, డబ్బల బియ్యం పోసుకొని, బస్టాండు కాడి దుకాణానికి పోయిన.

"రాండ్రి అక్కా, కూసోండ్రి" అన్నడు దుకాణపాయన.

"కూసోనీకి రాలే. నీ మిషన్ల సగం అన్నమైతున్నది, సగం గంజి అయితున్నది. సగం వేడి ఎటు పోతున్నది?"

"అక్కా, మిషన్ కు సగం సగం తెల్వదు. ఉడికిస్తే అంత ఉడికిస్తది, లేకుంటే లేదు. నీళ్ళు ఎన్ని పోసిండ్రు?"

"నాకు నీళ్ళు నేర్పుతున్నవా? సైన్సు టీచర్ను!"

"అట్లగాదక్కా..."

"ఎట్లనో చూపిస్త. ప్లగ్గేది?"

అక్కడనే కౌంటర్ మీద ప్లగ్గు పెట్టిన. ఆయనను నీళ్ళు తెమ్మన్న, కొలిచి పోసిన. దారిన పోయేటోళ్ళు నలుగురు ఆగిండ్రు. మిక్సీ జారు బాగుచేయించుకోనీకి అల్లాదుర్గ్ నుంచి వచ్చిన ఒక ముసలమ్మ బెంచి మీద కూసొని చూస్తున్నది. మీట పైకొచ్చింది. మూత తీసి, గెలిచిన లాయర్ లెక్క అందరికి చూపించిన. "చూసిండ్రా? సగం సగం!"

ముసలమ్మ అన్నం దిక్కు చూడలే. నా డబ్బల మిగిలిన బియ్యం గుప్పెడు తీసుకున్నది. అరచేతుల పరిచి, వెలుతురుకు పెట్టి, వేలితోని అటిటు జరిపింది.

"బిడ్డా, గీంట్ల రెండు తీర్ల బియ్యం ఉన్నయి. గివి జర పసుపు తిరిగినయి, పాతయి. గివి తెల్లగున్నయి, మొన్న కోసినయి. రెంటికి ఒక్క నీళ్ళు పోస్తే ఎట్ల? ఒకటి ఉడికేవరకు ఇంకోటి సస్తది."

ఎవ్వరు నవ్వలే. నవ్వితే లడాయి పెట్టుకునేదాన్ని, పానం సల్లబడేది. దుకాణపాయన ఒక గిలాస మంచినీళ్ళు తెచ్చి నా చేతిల పెట్టిండు. అది ఇంకా నొప్పి పెట్టింది.

"మిషన్ మంచిగనే ఉన్నది" అన్న, గొంతు తడి చేసుకొని.

"సంతోషం అక్కా" అన్నడు. ప్లగ్గు తీసి, వైరు మడిచి, కుక్కర్ నా చంకల ఆయననే పెట్టిండు.

ఇంటికి పోయి చెప్పులు ఇడవకముందే అడిగిన. "డ్రమ్ముల కొత్త బియ్యం ఎవలు పోసిండ్రు?"

మా ఆయన పేపర్ మడిచిండు. ఎన్నో ఏండ్ల సంది ఎదురుచూసిన అవకాశం వచ్చినోని లెక్క మెల్లగ చెప్పిండు. "మీ అన్న షేర్ ఆటోల బస్తా పంపిన నాడు నీకు ఫోన్ చేసిన. 'డ్రమ్ముల పాత బియ్యం ఇంక సగం ఉన్నయి, కొత్తయి వేరే పెట్టాల్నా' అని అడుగుదమనుకున్న. నేను 'డ్రమ్ముల' అనంగనే నువ్వు, 'ఆఁ, డ్రమ్ములనే పొయ్యి, ఎలుకలు కొడ్తయి, గింత దానికి ఫోనా, క్లాసుల ఉన్న' అని పెట్టేసినవ్."

"పోస్తే పైపైన పొయ్యాలె కద!"

"పైన గుట్టయింది. మూత పడలే. చెయ్యి పెట్టి అడుగుదాక కలిపిన. మొన్న గది చెప్పనీకే వచ్చిన."

ఆయన వాక్యం పూర్తి చేసిండు. చివర చుక్క కూడ పెట్టిండు.

మంచం మీద అత్తమ్మ నిదానంగ అన్నది: "నాకు మొదటినాడే తెలుసు. పంటి కింద ఒకటి టక్కుమన్నది, ఇంకోటి మెత్తగ నలిగింది."

"తెలిస్తే చెప్పొద్దా అత్తమ్మా? నాలుగుసార్లు ముద్ద చేయించినవ్!"

"నువ్వు అడిగినవా?" అన్నది. "కుక్కర్ను అడిగినవ్, కరెంటు పొయ్యిని అడిగినవ్, ఆ అద్దాల పెట్టెను అడిగినవ్. దుకాణపోణ్ణి అడగనీకి బస్టాండుదాక పోయినవ్. మూడడుగుల దూరంల స్టూలేసుకొని కూసున్న, నన్ను అడగలే. అడుగుతవేమో అని చూసిన."

ఆమె ఎడమచేతి బొటనవేలు ఫోన్ మీద కుల్చారం నంబర్ కోసం మెల్లగ జరుపుతున్నది. కండ్లద్దాలు లేవు, అందుకే దొరుకుతలేదు. ఎంత సేపని దొరకదు?

"అత్తమ్మా," అన్న. "నాకు తెలుస్తలేదు. ఎట్ల చెయ్యాలె?"

ఆ నాలుగు మాటలు అనే కన్నా నాలుగు క్వింటాళ్ళ బస్తాలు మొయ్యొచ్చు.

ఆమె ఫోన్ పక్కన పెట్టింది. "మంచం కింద రేకుపెట్టె గుంజు."

పెట్టెల ఆమె పట్టుచీరెల నడుమ ఒక గుడ్డసంచి. దాంట్ల రెండేండ్ల కిందటి చిట్టి ముత్యాలు, కొంచెం పసుపు తిరిగి, టకటకలాడుకుంట. మామయ్య దినానికని ప్రతి ఏడు రెండు రెండు గిలాసలు దాస్తదట. ఇంట్ల ఎవ్వరి మీద నమ్మకం లేక. తర్వాత నా చెవి దగ్గరికి గుంజుకొని, ఇంట్ల మూడో మనిషి మా ఆయన ఒక్కడే ఉన్నా, గుసగుసగ చెప్పింది: "పాతగింజ విడిగ అయితది గని, దానికి వాసన తక్కువ. కొత్త బియ్యానికి వాసన మస్తు, నిలువదు. కొత్త బియ్యం రెండోసారి కడిగిన నీళ్ళు పారబొయ్యకు. ఆ నీళ్ళే పాతబియ్యానికి ఎసరు."

ఇరవై నాలుగేండ్లు! నేను పక్కన ఉల్లిగడ్డలు కోస్తుంటెనే ఆమె ఆ నీళ్ళు పోసింది. నేనేమో అవి కుండ కడిగిన నీళ్ళనుకున్న.

"కట్టెలపొయ్యి పెడుదమా, పెరట్ల?" అని అడిగిన. ఇంక అడుగుడు మొదలుపెట్టినంక ఆగొద్దనుకున్న.

"ఎందుకు, కండ్లు మండనీకా? అప్పుడు వేరే దిక్కు లేకుండె. కరెంటు కుక్కర్ల పెట్టు. దానికి నోరు లేదు, చెప్పినట్టు వింటది."

సంవత్సరీకం నాడు రెండు వాయిలు కుక్కర్ల పెట్టిన, వచ్చినోళ్ళందరికి సరిపోను పెద్ద గిన్నెల గ్యాసు మీద ఇంకో వాయి ఏసిన. ఆ పెద్ద గిన్నెకు పాతబియ్యం, కడిగిన నీళ్ళకు కొత్తబియ్యం అన్న ఇంట్ల నుంచి తెప్పించిన. అడుగుకుంట చేసిన. నీళ్ళు గిన్ని చాల్నా? మంట గింత చాల్నా? అత్తమ్మ స్టూలు మీద నుంచి ఎడమచేతి వేళ్ళతోని చెప్పింది. మా ఆయన నడుమల, "మూత జర..." అన్నడు. ఆగిన. "...పక్కకున్నది" అన్నడు. నిజంగనే పక్కకున్నది. సరిచేసిన.

మూత తీసిన. మెతుకు మీద మెతుకు కూసోలే.

మామయ్య ఫోటో ముందట విస్తరేసినం. ప్రతి ఏడు మొదటి గంటె అత్తమ్మ పెడ్తది. ఎడమచేతితోని పెద్దలకు పెట్టొద్దు. ఆమె పట్టీ దిక్కు చూసుకున్నది, నా దిక్కు చూసింది. కుల్చారం యారాలు కూడ పక్కనే నిలబడి ఉన్నది.

"నువ్వు పెట్టు" అన్నది నాతోని.

ఒక గంటె పెట్టిన. చెయ్యి ఆగింది. "ఇంకింత పెట్టు" అన్న గొంతు యాదికొచ్చి ఇంకో గంటె పెట్టిన. అత్తమ్మ కొంగుతోని ముక్కు తుడుసుకున్నది. సాంబ్రాణి పొగ ఎక్కువైంది.

భోజనాల కాడ యారాలు మెతుకులు వేళ్ళతోని విడదీసి చూసి, "అక్కా, గిట్ల ఎట్లొచ్చింది? నీళ్ళెన్ని పోసినవ్?" అన్నది. చెప్పనీకి నోరు తెరిచిన. గడపల స్టూలు మీద నుంచి అత్తమ్మ నా దిక్కు ఉరిమి చూసింది.

"గదంత అందాజ మీద పోసిన చెల్లె" అన్న.

అత్తమ్మ తన విస్తరి ఖాళీ చేసి, చెంచ పక్కన పెట్టి, తీర్పు చెప్పింది: "ఉప్పు జర తక్కువైంది. వచ్చే ఏడు చూసుకో."

ఉప్పు సరిపోయింది. మటన్ల కలుపుకున్నోళ్ళను ఎవరినన్న అడుగుండ్రి, చెప్తరు. ఆ మాట నాలిక చివరిదాక వచ్చింది కూడ. మింగిన. గంటె కడిగి, తుడిచి, నాకు అందే ఎత్తుల మేకుకు తగిలేసిన.