మొక్కుచీర

అరవదేశపు మధురలో మా అంగడికి ఎవరొచ్చినా "మనవాళ్ళు" అనేవాణ్ణి. అరవవాళ్ళొస్తే అదే మాట అరవంలో అనేవాణ్ణి. బేరంలో అంత చవకైన సరుకు మరొకటి లేదు, తూచి ఇవ్వనక్కర్లేదు. ఎండుమిరప, చింతపండు, గోనెసంచులు కలిసిన ఆ అంగడి వాసన మళ్ళీ ఎక్కడైనా దొరికితే బేరమాడకుండా కొంటాను. నా నోట ఆ మాట రావడమే గొప్ప.

ఊళ్ళోవాళ్ళు మమ్మల్ని వడుగులనేవారు, అంటే ఉత్తరాదివాళ్ళని. ఉత్తరం ఎటో సూర్యుణ్ణి చూస్తే తప్ప నాకు తెలిసేది కాదు. మా అవ్వ అలా కాదు. మా ఇంటిపేరు కృష్ణ గట్టున ఒక ఊరిపేరు. అక్కణ్ణుంచి బయల్దేరినప్పుడు, క్షేమంగా చేరితే ఆ ఊరి అమ్మవారికి చీర పెడతామని పెద్దలు మొక్కారట. చేరారు, మొక్కు మాత్రం తరాలుగా అలాగే ఉండిపోయింది. అవ్వ ఒక పసుపుచీర పెట్టెలో దాచి, అటు వెళ్ళే మనిషి కోసం ఎదురుచూసేది.

కుంఫిణీ పటాలం ఒకటి ఉత్తరాన్నుంచి వచ్చి ఊరిబయట దిగిన ఏడు, ఒక సిపాయి భార్య మిరపకాయలకొచ్చింది. ఆమె పుట్టిల్లు మా పెద్దల ఊరికి పక్కనే అని తెలియగానే అవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది.

"కూకో తల్లీ. మన పక్కం మనిషివి. పటాలం తిరిగి పొయ్యేప్పుడు మన అమ్మవారికి ఈ చీర ఇస్తావా?"

ఆమె పకపకా నవ్వింది. "అరవ అవ్వవైనా తెలుగు భలే నేర్చావే! మా అమ్మవారికి మీ చీరెందుకులే."

అవ్వ మొహం చిన్నబోయింది. ఎప్పుడూ వాగే నేను తల వంచుకుని మిరపకాయలు ఏరుతూ కూర్చున్నాను.

అంతలో వీధిలోకి పటాలం దొర ఒకడు గుర్రమ్మీద వచ్చాడు. "నల్లకుక్కల్లారా, తప్పుకోండి!" అని వచ్చీరాని అరవంలో అరుస్తూ కొరడా ఝళిపించాడు. గుమ్మంలో నిలబడ్డ ఆమె భుజానికి కొరడా కొస తగిలింది. అవ్వ ఆమెను లోపలికి లాగింది.

"నా మొగుడు వీళ్ళకేగా తుపాకీ మోస్తున్నాడు!" అందామె.

"వాడి కంటికి వడుగేది, అరవమేది తల్లీ," అంటూ అవ్వ కొబ్బరినూనె రాసింది.

ఆమె కొంగు భుజమ్మీదికి లాక్కుంది. తర్వాత, "ఆ చీర ఇలా తే అవ్వా," అంది. మడత విప్పి చూసి, నేత పలచన అని ఒక మాట అననే అంది. "ఏమని చెప్పి పెట్టమంటావు?"

"నేరమైపోయిందని సెప్పు."

ఆమె ఉలిక్కిపడింది. "ఏం నేరం చేశారవ్వా?"

మా ఇళ్ళలో నేరమంటే పొద్దు, అరవం నుంచి వచ్చి చేరిన మాట. ఆలస్యమైందని అవ్వ భావమని నేను విప్పి చెప్పాను. ఆమె మళ్ళీ నవ్వింది. ఈసారి అవ్వ కూడా నవ్వింది.

"నేరమైందనే చెబుతాలే. అమ్మవారికి ఎలా తోస్తే అలా అనుకుంటుంది," అని చీర చంకలో పెట్టుకుని వెళ్ళింది.