గోధుమ పడని కృపారాణి

కృపారాణికి గోధుమ పడదని డాక్టరు గారు చెప్పిన రోజు అందరికంటే ముందు నవ్వింది నేనే. మూడు పూటలా అన్నం తినే గోదావరి జిల్లాలో పుట్టి గోధుమ జబ్బేంటండీ, విడ్డూరం కాకపోతే. కానీ ఆ మనిషి అప్పటికే నాలుగేళ్ళుగా ఎముకల గూడై ఉంది. టీబీ అన్నారు, కాదన్నారు. రక్తం లేదన్నారు, ఎక్కించారు. తిన్నది ఒంటికి పట్టదు, కడుపులో నిలవదు. చివరికి విజయవాడలో ఒక పెద్ద డాక్టరు గారు పేగులోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేయించి, "గోధుమ, మైదా, రవ్వ ఈ జన్మకి ముట్టుకోకమ్మా. చిటికెడు తగిలినా నీకు విషమే" అని తేల్చేశారు.

కృపారాణి మా ఆయన జ్ఞానప్రకాశం గారికి చెల్లెలు. పెళ్ళి వద్దనుకుంది. మా అత్తగారు పోయాక ఇరవై ఏళ్ళుగా మా పక్క వాటాలోనే, తన వంట తను చేసుకుంటూ ఉంటోంది. తొమ్మిదో ఏట లేసు సూది పట్టుకుంది, ఈ నలభై ఆరో ఏటి దాకా దించలేదు. నరసాపురంలో లేసు అల్లే ఆడవాళ్ళకి కొదవ లేదు గానీ, తను అల్లిన గులాబీ చూస్తే వాసన చూడబుద్ధేస్తుంది. మాట మాత్రం పైకి రాదు. నేనా, పేరు తబిత, ముప్పై రెండేళ్ళుగా ఇంగ్లీషు టీచర్ని. నా మాటకి ఎదురు చెబితే నాకు ఒళ్ళు మండుతుంది. మా ఆయన ఆ సంగతి పెళ్ళైన వారంలోనే కనిపెట్టి ఊరుకున్నారు.

డాక్టరు చెప్పాక కృప బ్రెడ్డు మానేసింది, చపాతీ మానేసింది, ఉప్మా వైపు చూడ్డం మానేసింది. చర్చిలో ప్రభు భోజనానికి కూడా రొట్టె తీసుకోకుండా ద్రాక్షారసం మాత్రం పుచ్చుకునేది. దానికి ఊళ్ళో గుసగుసలు. పాస్టరు జయపాల్ అయ్యగారే, "ఆమె జోలికి వెళ్ళకండి" అని అందరికీ చెప్పాల్సి వచ్చింది. ఒళ్ళు కాస్త తేరుకుంది. కానీ ఆదివారం ఆరాధన అయ్యాక మా ఇంట్లో భోంచేసి వెళ్ళేదా, సోమవారానికల్లా మళ్ళీ మంచం ఎక్కేది. "దొంగచాటుగా బిస్కెట్లు తింటున్నావేంటే?" అని నేను నిలదీసేదాన్ని. తల వంచుకుని సూది ఆడిస్తూ కూర్చునేది.

పోయినేడాది వేసవిలో కృప పనిచేసే మా ఊరి లేసు సంఘానికి అమెరికాలో జరిగే ఒక చేతిపనుల మేళా నుంచి పిలుపొచ్చింది. ఇన్నాళ్ళూ మన లేసు పట్టుకుని దేశాలు తిరిగింది వ్యాపారులే, అల్లినవాళ్ళు కాదు. ఈ మేళా వాళ్ళ పద్ధతి వేరు. అల్లే మనిషే వచ్చి, మొదటి రోజు ఉదయం కొనేవాళ్ళ ఎదుట కూర్చుని అల్లి చూపించాలి. చూపిస్తేనే ఆర్డరు. సంఘంలో ఇరవై రెండు మంది ఆడవాళ్ళు కృప చేతుల మీద ఆశ పెట్టుకున్నారు. తనకి ఇంగ్లీషు రాదు కాబట్టి తోడు నేను.

టిక్కెట్లప్పుడే గ్లూటెన్ ఫ్రీ, అంటే గోధుమ తగలని భోజనం అని రాయించాం. అయినా నాకు నమ్మకం లేదు. ఎవరో ఎక్కడో వండింది మనకేం తెలుస్తుంది? బయల్దేరే రోజు చింతపండు పులుసు చిక్కగా ఉడికించి, వేరుశెనగ గుళ్ళు, కరివేపాకు, ఇంగువ దండిగా వేసి పులిహోర కలిపాను. ప్రయాణానికి మనకి పులిహోరని మించింది ఏముంది చెప్పండి.

హైదరాబాదులో ఎక్కి గల్ఫులో విమానం మారాం. రెండోది పద్నాలుగు గంటలు. మా పక్క సీట్లో రామచంద్రపురం అమ్మాయి, సుప్రియ అని, బ్యాంకు ఉద్యోగం. అందరికంటే ముందు కృపకో ట్రే, ఆ అమ్మాయికో ట్రే తెచ్చారు, రెండింటి మీదా ఒకే స్టిక్కరు. "నాక్కూడా గోధుమ పడదండీ" అంది సుప్రియ, తోడు దొరికిందన్న సంబరంతో. కృప ట్రే మూత తీస్తే అన్నం, కూర, పక్కన చిన్న రొట్టె.

"ఇదేంటండీ, రొట్టె పెట్టారు?" అని ఎయిర్ హోస్టెస్ మీద ఇంగ్లీషులో విరుచుకుపడ్డాను. అది బియ్యప్పిండి రొట్టె అని ఆ పిల్ల చెబుతూనే ఉంది. సుప్రియ కూడా, "నేను ఎప్పుడూ ఇదే తింటానండీ, ఏం కాదు" అంది. నేను వింటేనా. ట్రే వెనక్కి పంపించి, పులిహోర డబ్బా తీసి కృప ముందు పెట్టాను. తను ఒక్క క్షణం డబ్బా వైపు చూసింది, నా మొహం వైపు చూసింది. తింది. చాలదేమోనని ఇంకాస్త వడ్డించాను కూడా.

మూడు గంటలు గడవకుండానే మొదలైంది. సీట్లోంచి బాత్రూముకి, బాత్రూమునుంచి సీట్లోకి. నాలుగోసారికి నేను పట్టుకుంటే తప్ప నడవలేకపోయింది. మొహం తెల్లగా పాలిపోయింది, వేళ్ళు వణుకుతున్నాయి. ఆ వేళ్ళే కదా మర్నాడు పొద్దున్న అల్లాల్సింది. నాకు ఏడుపొచ్చింది.

సుప్రియ మెల్లిగా అడిగింది, "పులిహోరలో ఏమేం వేశారండీ?"

"ఒక్క గోధుమ నలక లేదమ్మా. అంతా నా చేత్తో చేశాను" అని ఒక్కొక్కటీ చెప్పుకొచ్చాను. ఇంగువ దగ్గర ఆపింది.

"ముద్ద ఇంగువా, పొడా అండీ?"

"పొడే. డబ్బాలో వస్తుంది కదా."

"అందులో మైదా కలుపుతారండీ. నాకూ రెండేళ్ళ దాకా తెలీలేదు."

మా ఇంట్లో ఇంగువ పడని చారు లేదు, పప్పు లేదు. ఆదివారం నేను కొసరి కొసరి వడ్డించిందంతా కళ్ళ ముందు తిరిగింది. కృప కళ్ళు మూసుకునే, "ఊరుకోండి వదినా, మీరు కావాలని చేశారా" అంది. మళ్ళీ తనే, "మీ ఇంట్లో తిన్న మర్నాడే వస్తోందని నాకు ఎప్పుడో అర్థమైంది. ఎందుకో తెలీలేదు. చెబితే మీరు నొచ్చుకుంటారని..." అంది.

చర్చిలో దేవుడి బల్ల దగ్గర రొట్టె వద్దనగలిగిన మనిషి నా బల్ల దగ్గర అనలేకపోయింది. పదో తరగతి పిల్లలు నన్ను చూసి వణుకుతుంటే గర్వపడ్డాను గానీ, నా ఇంట్లో మనిషి కూడా అలాగే భయపడుతోందని ఏనాడూ అనుకోలేదు. నాకు నా మీదే అసహ్యమేసింది. లేచి వెనక్కి వెళ్ళి, నేను అరిచిన ఆ ఎయిర్ హోస్టెస్‌కి క్షమాపణ చెప్పి, ట్రే మళ్ళీ ఇస్తారా అని అడిగాను. ఆ పిల్ల వేడి చేసి తెచ్చింది. కృప సగం అన్నం, రొట్టె ముక్క తిని పడుకుంది. ఇక కడుపు కదల్లేదు.

మర్నాడు ఉదయం మేళాలో గోడకి ఆనుకుని కూర్చుంది. మొదటి అరగంట కుట్టు తప్పుతూనే ఉంది, విప్పి మళ్ళీ అల్లింది. నేను మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నోరు మూసుకుని నిలబడ్డాను. మధ్యాహ్నానికి చేతులు దారిలో పడ్డాయి. కొనేవాళ్ళలో ఒకావిడ గంటసేపు కదలకుండా చూసి, సంఘమంతటికీ ఏడాదికి సరిపడా ఆర్డరు ఇచ్చింది.

ఇంటికొచ్చిన మొదటి ఆదివారం, ఇంగువ లేకుండా చారు కాచి, చేపల పులుసు చేసి కృపని పిలిచాను. వచ్చి పీట మీద కూర్చుంది. నేను గరిటెతో అన్నం తీయబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"పొద్దున్న అన్నయ్యకి ఉప్మా తీసింది ఈ గరిటెతోనే కదండీ. అదే ఇప్పుడు అన్నం గిన్నెలో ఉంది. ఈ అన్నం నాకు వద్దు వదినా."

అలవాటు చొప్పున నాకు ఒళ్ళు మండింది. అయినా గిన్నెడు అన్నం పొయ్యి పక్కన పెట్టేసి, ఇంకో గిన్నె తోమి, కొత్తగా బియ్యం కడిగి ఎసరు పెట్టాను. కృప లేచి వెళ్ళిపోకుండా అక్కడే కూర్చుని ఎదురుచూసింది. ఇరవై ఏళ్ళలో తను నాకు వద్దని చెప్పడం అదే మొదటిసారి.